తల తిప్పే సారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో నన్ను భూపాలపల్లిలోని ఒక దవాఖానకు మార్చారు. నా హోదా ఆడియాలజిస్టు. వినికిడి కొలవడమే మా పని అనుకుంటారు గానీ, మనిషి తూలకుండా నిలబడటం కూడా లోపలి చెవి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని కళ్లు తిరిగే ముసలివాళ్లంతా నా గదికే వచ్చేవారు. డాక్టరును కానని ఎంత మొత్తుకున్నా వినేదెవరు?

మొదట్లోనే టేకుమట్ల నుంచి నర్సయ్య అనే రైతు వచ్చాడు. పక్క మీద ఒరిగితే చాలు, ఇల్లంతా గిర్రున తిరుగుతోందన్నాడు. తల ఒక పక్కకు తిప్పి, మంచం మీద గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూశాను. కనుగుడ్లు టకటకా కొట్టుకున్నాయి. లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పితే వచ్చే రోగమది, ప్రాణానికి ముప్పు లేదు. తలను ఒక వరుసలో తిప్పుతూ పోతే రేణువులు చోటికి చేరతాయి. తిప్పాను. మందు లేదు, సూది లేదు, నర్సయ్య హాయిగా నడుచుకుంటూ పోయాడు. టేకుమట్లలో నాకు తల తిప్పే సారని పేరు పడింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగానే ఉండేది.

ఆ పేరే కొంప ముంచింది.

నర్సయ్య వాడకట్టు నుంచే ఎల్లయ్య అనే అతను తల్లి లచ్చవ్వను ఆటోలో తెచ్చాడు. ఆమెకు ముందురోజు పొద్దటి నుంచి ఆగకుండా కళ్లు తిరుగుతున్నాయి, వాంతులు. ఆసరా లేనిదే కూర్చోలేకపోతోంది. ఇలాంటివాళ్లకు పరీక్ష వేరు. నా ముక్కునే చూస్తుండమని, వాళ్ల తలను చటుక్కున కొద్దిగా తిప్పాలి. చూపు జారి మళ్లీ ముక్కు మీదికి వస్తే లోపం చెవిలో ఉన్నట్టు. చూపు కదలకుండా నిలిస్తేనే భయపడాలి, లోపం మెదడులో ఉండవచ్చు. లచ్చవ్వ చూపు నిలిచింది. కుడికి చూడమంటే కనుగుడ్లు కుడికి కొట్టుకున్నాయి, ఎడమకు చూడమంటే ఎడమకు. అలా దిక్కు మారడం కూడా మెదడు లోపానికే గుర్తు. డ్యూటీ డాక్టరును పిలిచాను. ఆయన చూసి, చిన్నమెదడుకు రక్తం ఆగినట్టుంది, ఇదీ ఒక రకం పక్షవాతమే, ఇప్పుడే వరంగల్ తీసుకుపోయి స్కాన్ తీయించమన్నాడు.

ఎల్లయ్య ఒప్పుకోలేదు. "మూతి వంకర పోలె, కాళ్లు చేతులు మంచిగనే ఆడుతున్నయ్, గిది పచ్చవాతం ఎట్లయితది? నర్సన్న కండ్లు గిరగిర తిరిగినయట. నువ్వు తల కదిపితే మా అవ్వయి మంచిగ నిలవడ్డయ్, నేను చూసిన గద! జర తల తిప్పు సారూ, ఇంటికి పోతం."

చూపు నిలవడమే చెడ్డదని చెప్పాను. కళ్లెదుట బాగున్నదాన్ని పట్టుకుని చెడ్డదంటే ఎవడు నమ్ముతాడు? లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"తిప్పు బిడ్డా, నీకు పుణ్యముంటది."

తిప్పితే తగ్గేది కాదవ్వా, పెద్ద దవాఖానకు పో అన్నాను. డాక్టరు కోప్పడ్డాడు, నేను బతిమాలాను. ఎల్లయ్య తల్లిని ఎత్తుకుని మళ్లీ ఆటో ఎక్కించాడు. ఆటో టేకుమట్ల దిక్కే మళ్లింది. మూడోనాడు ఆమె పోయిందని నర్సయ్యే వచ్చి చెప్పాడు.

పత్తి ఏరే రోజుల్లో ఎల్లయ్య మళ్లీ వచ్చాడు, ఈసారి తండ్రితో. ముసలాయనకు పక్క మీద ఒరిగితే కళ్లు తిరుగుతున్నాయట. పరీక్ష చేశాను, రేణువుల రోగమే. తల తిప్పాను. కాసేపటికి ఆయన లేచి చెప్పులు తొడుక్కుని, తేలికైందన్నాడు. ఎల్లయ్య గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"గింతే గద సారూ. గిదే ఆనాడు అవ్వకు చేస్తే బతికేది గద."

రెండూ ఒకటే రోగం కాదని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అతను తండ్రి చెయ్యి పట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

కనుగుడ్డు కదలికను బట్టి లోపం ఎక్కడుందో చెప్పడం నాకు నేర్పారు. పక్కింటాయనకు తగ్గిన రోగమే తనదీ అనుకునేవాడికి నచ్చజెప్పడం ఏ శిక్షణలోనూ నేర్పలేదు. రిటైరయ్యే దాకా వెతుక్కున్నాను, ఆ విద్య నాకు దొరకలేదు.