పెళ్లిచూపుల్లో అడిగిన ఎరువు

పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు మామూలుగా ఏం పట్టుకుని తిరిగొస్తారు? ఓ జవాబు, తాంబూలం, మహా అయితే మిగిలిపోయిన జాంగ్రీల పొట్లం. నేను రెండు గోనెసంచుల పశువుల ఎరువు పట్టుకుని తిరిగొచ్చాను. దాని వల్ల ఒక అవ్వ అన్నం మానేసింది, ఒక ఆవు పాలు మానేసింది, నా పెళ్లి ఆగిపోయినంత పనయింది. ఇదంతా విన్నాక మీకు జాలి కలిగితే నా మీద ఖర్చు పెట్టకండి. మా అమ్మ మీద చూపించండి. ఆవిడ పట్టుచీర కట్టుకుని ఆ సంచుల పక్కన కూర్చుని బస్సులో వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. లాస్‌పేటలో ఒక మేడ మీది వాటాలో అమ్మా నేనూ అద్దెకుండేవాళ్లం. నాకు దగ్గర్లోనే ఒక ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. మా హాల్లో తూర్పు వైపు ఒకే ఒక కిటికీ ఉండేది. దాని కింద పాత పెయింటు బకెట్లలో తమలపాకు తీగ, మనీప్లాంటు, ఫెర్న్ మొక్కలు, ఇంకా పేరు తెలియని ఆకులు కొన్ని పెట్టుకున్నాను. నేను దాన్ని తోట అనేవాణ్ణి. అమ్మ "ఆ బకెట్లు" అనేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ తోట ఎదుట చాప వేసుకుని పడుకునేవాణ్ణి. సముద్రం వైపు నుంచి గాలి వచ్చేది. కళ్లు సగం మూసుకుంటే చాలు, తమలపాకు తీగ గోడెక్కేది, ఫ్యాను కొక్కేన్ని చుట్టుకునేది, వంటింట్లోకి తొంగి చూసేది. మంచం కింద ఫెర్న్ పొదలు, వాటి మీద మంచు, ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. ఆ చప్పుడు వంటింటి కుళాయిదని అమ్మ అరిచేదాకా నాకు తెలిసేది కాదు. కళ్లు పూర్తిగా తెరిస్తే తీగకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఆకులు, అవీ పచ్చకామెర్లు వచ్చినట్టుండేవి.

లోపం మట్టిలో ఉందని బ్రౌజింగ్ సెంటర్లో గంటలు గంటలు కూర్చుని కనిపెట్టాను. మట్టికి తిండి పెట్టాలట. అదీ సేంద్రియమైన తిండి. రసాయనం అన్న మాట వింటేనే చెవులు మూసుకునే స్థితికి వచ్చేశాను. మొదట సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు వీరాంపట్టినం వెళ్లి ఎండుచేపల పొడి తెచ్చి చల్లాను. లాస్‌పేటలో అన్ని పిల్లులున్నాయని మునిసిపాలిటీ వాళ్లకు కూడా తెలిసి ఉండదు. తర్వాత వేరుశనగ చెక్క నానబెట్టి పోశాను. ఆ వాసనకు పిల్లులు కోపగించుకుని వెళ్లిపోయాయి, వాటి జాగాలోకి ఎలుకలు వచ్చాయి.

"ఈ ఇంటికి బాడుగ మనం కడతాండామా, అవి కడతాండాయా?" అంది అమ్మ చీపురు పట్టుకుని.

"ఇంకొక్కటే మిగిలిందమ్మా. బాగా మాగిన పశువుల ఎరువు. అది దొరికితే చాలు."

"యాడ దొరుకుతాది ఈ టౌన్లో?"

అదే కదా నా బాధ. టౌన్లో ఆవులు తినేది గోడల మీది సినిమా పోస్టర్లు. వాటి ఎరువు వేస్తే మొక్కలకు ఏం వస్తుందో ఊహించుకోవడానికే భయం వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కిరుమాంబాక్కం అనే పల్లెలో ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు కోమల. తండ్రిని ఊరంతా వి.జి. అంటారు, మేం వి.జి. మామ అనేవాళ్లం. మాలాగే ఎన్నో తరాల కిందట ఈ తమిళ సీమకు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు. పొలం ఉంది, పాడి ఉంది. నాకు ఆ రెండో మాటే చెవిలో పడింది. శుక్రవారం సాయంత్రం మంచిదని అదే రోజు బయల్దేరాం.

వి.జి. మామ వాళ్ల వసారాలో మమ్మల్ని కూర్చోబెట్టారు. మామ వాళ్లమ్మ, అంటే కోమల అవ్వ, ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. సంతలో ఎద్దు పళ్లు చూసే చూపు అది. అంతలో కోమల కాఫీ తెచ్చింది. తల వంచుకుని రాలేదు. నేను గ్లాసు అందుకోబోయి కిందున్న డబరా గిన్నె పట్టుకుంటే పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. నాకు నచ్చింది. ఆ క్షణంలోనే, ఇంకెవర్నీ చూడక్కర్లేదన్నంతగా నచ్చింది.

సరిగ్గా అప్పుడే పెరటి వైపు నుంచి గాలి తిరిగింది. పచ్చి పేడ వాసన వేరు, బాగా మాగిన ఎరువు వాసన వేరు. రెండోది తొలివాన పడ్డ నేలలా ఉంటుంది. ఆ వాసన, కోమల జడలో మల్లెల వాసన, కాఫీ వాసన కలిసి నా తలలోకి ఎక్కాయి. కళ్ల ముందు మా హాలు కనబడింది. సీలింగు దాకా తమలపాకు తీగ, దాని నీడలో కోమల నవ్వుతూ నిలబడి ఉంది. అంత అందమైన దృశ్యం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

అవ్వ లేచి, దీపం పెట్టి వస్తానని అమ్మవారి గుడికి వెళ్లింది. వి.జి. మామ గొంతు సవరించుకున్నారు.

"ఏమన్నా అడగాలంటే అడుగప్పా. సిగ్గు పడొద్దు."

అడిగాను. చదువుకున్నవాణ్ణి, ఉద్యోగస్థుణ్ణి, ఒక ఆడపిల్లను మనసారా ఇష్టపడ్డవాణ్ణి, ఇలా అడిగాను:

"మామా, మీ పెరట్లో ఎరువు కుప్ప ఎన్నాళ్లది?"

అమ్మకు కాఫీ పొలమారింది. మామ మాత్రం ఒక్క నిమిషం తెల్లబోయి, ఆ తర్వాత వెలిగిపోయారు. ఆయన కుప్ప గురించి అంత మర్యాదగా అడిగినవాడు అంతకుముందు ఎవరూ లేనట్టుంది.

"పోయిన వాన్లకు ముందుదప్పా! రా, చూపిస్తాను. చేత్తో పట్టుకుంటే కాఫీపొడి మాదిరి రాలతాది."

వెళ్లి పట్టుకున్నాను. నిజంగానే కాఫీపొడిలా రాలింది. ఆనందంతో తలెత్తి చూస్తే వంటింటి కిటికీలో కోమల. నా వైపే చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది. జడలో మల్లెలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఎంత సిగ్గరి పిల్ల అనుకున్నాను. ఇంకా గట్టిగా ఊపింది. ఇంకా సిగ్గు అనుకున్నాను.

"మామా, రెండు సంచులు ఇస్తారా?"

మామ ఆకాశం చూశారు. పొద్దు దిగుతోంది. "ఈరోజా? ఈరోజు గదా..." అని ఆగారు. నా మొహంలో ఏం కనబడిందో, "సరి పో, మాప్పిళ్ళ మొదటిసారి నోరు తెరిచి అడిగినాడు. మా అమ్మ గుడి నించి వచ్చేలోపల ఎత్తుకుని పోండి" అన్నారు. మాప్పిళ్ళ అంటే అల్లుడని వేరే చెప్పాలా!

ఇక్కడ మీలో ఆడవాళ్లు నెత్తి కొట్టుకుంటూ ఉంటారని తెలుసు. శుక్రవారం, దీపాలు పెట్టే వేళ, ఇంట్లోంచి ఉప్పు ఇవ్వరు, పెరుగు ఇవ్వరు. ఆ ఇంట్లో అయితే పేడంటే సాక్షాత్తూ లక్ష్మీదేవి. పక్కింటివాళ్లు అలుకు చల్లుకోవడానికి ముద్ద అడిగినా శనివారం రమ్మంటారు. మా ఇంట్లోనూ ఉన్న పద్ధతే. కానీ కలల్లో వారాలుండవు కదండీ.

సంచులు చూసి అమ్మ నా చెయ్యి గిల్లింది. "ఏం వారమో తెలుసునా నీకు?"

"శుక్రవారం. అందుకే కదా సెలవు పెట్టింది."

వాళ్ల ఎదుట ఇంకేమీ అనలేక నోరు మూసుకుంది. బస్సులో మాత్రం దారి పొడుగునా అదే నోరు తెరిచి ఉంచింది. కండక్టరు వచ్చి, "సార్, సంచిలో ఏంది?" అన్నాడు. "చెట్లకు తిండి" అన్నాను. ఆయన అమ్మ పట్టుచీరను, నా ఇస్త్రీ చొక్కాను, సంచిని వరసగా చూసి, లగేజీ టికెట్టు కొట్టకుండానే ముందుకు వెళ్లిపోయాడు. మా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. నేను కిటికీకి తల ఆనించాను. కడలూరు రోడ్డు పక్కన పొలాలు నీలంగా మారుతున్నాయి. బస్సు ఊగుతుంటే ఏదో పల్లకీలో పోతున్నట్టుంది. పక్కన అమ్మ తిట్లు కూడా దూరంగా వినిపించే సన్నాయిలా ఉన్నాయి. ఇల్లు చేరగానే చొక్కా కూడా విప్పకుండా ఎరువంతా బకెట్లలో కలిపేశాను.

పొద్దున్నే ఫోన్ మోగింది. వి.జి. మామ.

"ఏమప్పా, కొంప మునిగింది. అమ్మ గుడి నించి వచ్చి కుప్పలో గుంత చూసింది. రాత్రి అన్నం తినలా. పొద్దున ఆవు తన్ని చెంబు పడేసింది, చుక్క పాలియ్యలా. లచ్చిమి ఇల్లొదిలి పోయిందని ఒకటే ఏడుపు."

"ఇప్పుడేం చెయ్యాలి మామా?"

ఆయన చేతిలోంచి ఫోన్ ఎవరో లాక్కున్న చప్పుడు. అవ్వ గొంతు ఫోన్ అవసరం లేకుండానే లాస్‌పేటకు వినబడేలా ఉంది.

"ఏమయ్యా, ఇంకా పిల్లనియ్యకముందే లచ్చిమిని ఎత్తుకుని పోతివే! శుక్రారం పోయింది శుక్రారమే రావాల. అంతా రావాల. వస్తాదని ఒట్టు పెడితే గంజి తాగుతా. లేదంటే ఈ సంబందం ఇంతటితో సరి."

"అవ్వా, మట్టిలో కలిపేశాను..."

"అయితే ఏరుకుని రా."

ఫోన్ పెట్టేసింది. నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. కిటికీలో ఊగిన ఆ మల్లెలు అప్పుడు అర్థమయ్యాయి. పాపం, ఆ పిల్ల నన్ను కాపాడాలని చూసింది. నన్ను వద్దనుకునే పిల్ల అలా చూస్తుందా? అలాంటి పిల్లను ఒక కుప్ప కోసం పోగొట్టుకుంటున్నానా? గబగబా వంటింట్లోకి వెళ్లి జల్లెడ తెచ్చి, బకెట్లలో మట్టి జల్లించడం మొదలుపెట్టాను. కింద రాలింది మట్టా, ఎరువా? పైన మిగిలింది ఎరువా, మట్టా? దేవుడొచ్చినా చెప్పలేడు.

"ఏందిరా అది! పిండి జల్లెడరా అది!" అని అమ్మ కేక.

"లక్ష్మీదేవిని వెతుకుతున్నానమ్మా."

"మంచిగా వెతుకు. ఈ జల్లెడలో ఇంక చపాతీ పిండి జల్లించేది లేదు."

ఇక దారి ఒక్కటే. బకెట్లకు బకెట్లే, మొక్కలతో సహా తీసుకెళ్లాలి. శుక్రవారం అంతా తెస్తానని ఫోన్లో ఒట్టు పెట్టాకే అవ్వ గంజి తాగింది. ఆ వారంలో ఏం జరిగిందో చెబితే నమ్మరు. తమలపాకు తీగ కొత్త చిగురు వేసింది. లేత ఆకు, దాని గుండా ఎండ పడితే లోపలి ఈనెలన్నీ కనబడుతున్నాయి. ఇన్నాళ్లూ నేను కన్న కలకు అది మొదటి ఆకు. సిగ్గు విడిచి నిజం చెబుతున్నాను, ఒక నిమిషం ఆలోచించాను. కోమలా? తీగా?

"ఏం ఆలోచిస్తాండావు?" అంది అమ్మ.

చెప్పాను. ఆ జల్లెడ పిండికి పనికిరాకుండా పోయినా, నా వీపుకు బాగానే పనికొచ్చింది.

శుక్రవారం లగేజీ ఆటో మాట్లాడుకుని, బకెట్లన్నీ ఎక్కించి, మొక్కల మధ్య నేను నిలబడి కిరుమాంబాక్కం చేరాం. గాలికి ఫెర్న్ ఆకులు నా మొహం మీద పడుతుంటే చిన్న అడవి ఒకటి రోడ్డు మీద నడిచి వెళ్తున్నట్టుంది. అమ్మ మళ్లీ అదే పట్టుచీర. వీధిలోవాళ్లు పెళ్లి సారె అనుకుని వెంట పడ్డారు. ఒకావిడ హారతి పళ్లెం కూడా తెచ్చింది. అవ్వ గడపలో నిలబడి ఉంది. ఆవిడ వెనక కోమల. నవ్వడం లేదు.

అవ్వ ఒక బకెట్లోంచి పిడికెడు మట్టి తీసి వాసన చూసింది.

"మా ఎరువే. కానీ దీంట్లో మీ మట్టి గూడా ఉండాదే. వేరు చెయ్యి."

"కుదర్లేదవ్వా. జల్లెడ పట్టాను. పట్టినకొద్దీ ఇంకా కలిసిపోతోంది. అందుకని నా తోటంతా తెచ్చేశాను. నాకు ఉన్నది ఇంతే. ఇది మీరు ఉంచుకోండి. కోపం మాత్రం ఉంచుకోవద్దు."

అవ్వ పిడికిట్లో మట్టిని మళ్లీ బకెట్లోనే దులిపింది. తర్వాత బకెట్లన్నీ పెరట్లో దించమంది. దించాం. వి.జి. మామ ధైర్యం చేసి, "అయితే పిల్లనిద్దామా అమ్మా?" అన్నారు.

"ఇయ్యము" అంది అవ్వ.

అమ్మ స్తంభం పట్టుకుంది. కోమల కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నేను చూశాను.

అవ్వ కొడుకు మీద విరుచుకుపడింది. "నీకు బుద్ధి ఎప్పుడొస్తాదిరా? ఈరోజు ఏం వారం? శుక్రారం పూట ఎరువిచ్చి ఒక తూరి ఏడ్చింది చాల్లేదా? ఇప్పుడు పిల్లని గూడా ఇస్తానంటాడు! మాటియ్యడం గూడా ఇయ్యడమే గదా. ఆదివారం పొద్దున రమ్మను, ఇస్తాము."

ఆదివారం తెల్లవారకముందే వెళ్లి గడప దగ్గర కూర్చున్నాను. మాట ఇచ్చారు. నా బకెట్లు మాత్రం ఖాళీగా తిరిగి ఇచ్చారు. మొక్కలన్నిటినీ అవ్వ అప్పటికే పెరటి నేలలో నాటేసింది. ఇప్పటికీ అవి అక్కడే, నేను కలలో చూసినదానికంటే ఎత్తుగా ఉన్నాయి. మా హాల్లో ఆ కిటికీ కింద కోమల కుట్టుమిషను వేసుకుంది.

అందుచేత పాఠకులారా, ఈ చేదు అనుభవం తర్వాత, మా ఇంటి దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి, కోమలను సాక్షిగా నిలబెట్టి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను: "ఇకమీదట నా జీవితంలో ఏ పెళ్లిచూపులకు వెళ్లినా, ఎరువు అడగను."

కోమల కర్పూరం ఆరేదాకా ఓపిక పట్టింది.

"సరిగాని, ఇంకా యాడ పెట్టుకోనుండారు పెళ్లిచూపులు?"