నా చేతులతో పోగొట్టిన ఇంజన్

ఆ కారు మా అన్న దగ్గర కొన్నాం. తెల్లది, కడప నంబరు ప్లేటు, వెనక బంపరుకు ఒక సొట్ట. కొండాపూర్‌లో మేముండే అపార్టుమెంటు నుంచి గచ్చిబౌలిలోని నా ఆఫీసు పెద్ద దూరమేం కాదు. కానీ తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. బస్సులు ఏ రోజు తిరుగుతాయో, ఏ రోజు ఆగుతాయో తెలిసేది కాదు. మా ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. బండి నాదే.

ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకోవడం మొదలుపెట్టింది సరదాకి కాదు, రోతపుట్టి. మొదటిసారి సర్వీసుకిచ్చి తెచ్చుకున్న వారానికే ఆయిల్ నల్లగా కనిపించి అనుమానం వచ్చింది. రెండోసారి ఇచ్చే ముందు కారు కింద దూరి, పాత ఫిల్టరు మీద ఎర్రటి గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. సాయంత్రానికి బండి తళతళా కడిగి ఇచ్చారు. బిల్లులో కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు, కూలీ అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే నా చుక్క అలాగే ఉంది. మర్నాడు ఆ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి అడిగితే, మెడలో టై కట్టుకున్నతను చిరునవ్వు చెరగకుండా, "పొరపాటు జరిగిందండి, ఈసారి ఫ్రీగా చేసేస్తామండి" అన్నాడు. ఇంకెప్పుడూ వీళ్ళ చేతికి ఇవ్వకూడదనుకున్నాను.

ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నాను. జాకీ, పానా, ఫిల్టరు విప్పే పట్టీ కొన్నాను. సెల్లార్‌లో పాత అట్టపెట్టెలు పరుచుకుని, చిరిగిన చుడీదార్ వేసుకుని కారు కింద పడుకుంటే, లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు నా కాళ్ళను చూసి గుసగుసలాడుకునేవారు. మూడుసార్లు చక్కగా చేశాను. ఆఫీసులో క్యాంటీన్ దగ్గర అందరికీ ఆ గోళ్ళరంగు కథ చెప్పి, నా గొప్ప కూడా చెప్పుకునేదాన్ని. తీసిన నల్ల ఆయిల్‌ను ఏం చేసేదాన్నో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాత బకెట్‌లో పట్టి, ప్రహరీ వెనక మురిక్కాలువలో పోసి వచ్చేదాన్ని. అది నీళ్ళ మీద రంగురంగులుగా పరుచుకునేది. చూడకుండా వచ్చేసేదాన్ని.

నాలుగోసారి చేసింది ఒక బంద్ రోజున. ఆఫీసుకు సెలవే గానీ ఫోను ఆగలేదు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఫిల్టరు. పాతది విప్పి పడేసి, కొత్తది బిగించి, ఆయిల్ పోసి పైకి వెళ్ళిపోయాను.

రెండు రోజుల తర్వాత వాచ్‌మన్ నన్ను ఆపాడు. ఆయనది పాలమూరు వైపు పల్లె. యాభై దాటి ఉంటాయి. భార్యతో కలిసి సెల్లార్ చివర గదిలో ఉండేవాడు. ఆమె మా అపార్టుమెంటులోనే రెండు ఇళ్ళలో పనిచేసేది. గది తలుపు మీద జై తెలంగాణ అని రాసిన కాగితం అంటించుకున్నాడు. మా దగ్గర ఎక్కువమంది సీమ నుంచీ కోస్తా నుంచీ వచ్చినవాళ్ళం. ఆ కాగితం గురించి పైకి ఎవరూ ఏమీ అనలేదు గానీ, అందరి కళ్ళూ దాని మీదే ఉండేవి.

"అమ్మా, మీ బండి కింద నూనె కారుతుంది. జర సూసుకోండ్రి" అన్నాడు.

"మొన్న నేనే ఒలకబోసినాలే."

"పాతది గాదమ్మా. తడిగుంది."

"సరే, చూస్తాలే" అన్నాను. చూడలేదు.

ఆ మర్నాడు ఆఫీసుకు వెళ్తుంటే, గచ్చిబౌలి చౌరస్తాలో రాస్తారోకో మొదలవుతోంది, త్వరగా దాటేయమని కొలీగ్ ఫోన్ చేసింది. వేగం పెంచాను. అప్పుడే స్టీరింగ్ ముందు ఆయిల్ బొమ్మ ఉన్న ఎర్ర దీపం వెలిగింది. ఆగాలని నాకు తెలుసు. రెండు కిలోమీటర్లే కదా అనుకున్నాను. కాసేపటికి డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు వచ్చింది. ఆ వెంటనే బండి ఒక్క కుదుపు కుదిపి, రోడ్డు మధ్యలో చచ్చిపోయింది. వెనక్కి చూస్తే తారు మీద పొడుగ్గా నల్లటి గీత.

ఎదురుగానే చౌరస్తాలో అప్పటికే వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. నలుగురు కుర్రాళ్ళు నా వైపు పరుగెత్తుకొస్తుంటే అద్దాలు ఎక్కించేసుకున్నాను.

"ఇంజన్ బోయిందా అక్కా? ఫికర్ జెయ్యకు. అరే, నూకుండ్రిరా!"

బండిని నెట్టి చెట్టు నీడకు చేర్చారు. ఒకతను నంబరు ప్లేటు చూసి, "కడపనా అక్కా?" అన్నాడు.

"కాదు, ఇక్కడే. బండి సెకండ్‌హ్యాండ్‌ది" అన్నాను. నా యాస నోట్లో ఉండగానే అబద్ధం చెప్పాను. అతను నవ్వి, "తింటవా అక్కా, అన్నమైంది" అన్నాడు. వద్దన్నాను.

మూసుకున్న గ్యారేజీల మధ్య తెరిచి ఉన్నది ఆ సర్వీస్ సెంటర్ ఒక్కటే. అక్కడికే లాగించాల్సి వచ్చింది. టై అతను బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూసి, ఆయిల్ చుక్క లేదన్నాడు. ఇంజన్ మార్చాలన్నాడు. లక్షా ముప్పై వేలు. మేం కారు కొన్నదే లక్షా అరవైకి. ఎలా పోయిందని అడిగితే, కిందికి వంగి కూడా చూడకుండా, "ఎవరైనా కావాలనే కింద ఆయిల్ నట్టు వదులు చేసి ఉంటారండి. ఈ రోజుల్లో ఇలాంటివి వింటున్నామండి" అన్నాడు.

గోళ్ళరంగు చుక్క నాడు ఆ మనిషి చెప్పిన ఒక్క ముక్క నేను నమ్మలేదు. ఈ మాట మాత్రం నమ్మాను. నాకు అనుకూలంగా ఉంది కాబట్టి నమ్మాను.

ఇంట్లో మా ఆయన, "నూనె కారుతాందని వానికెట్ల తెలిసింది? బండి కింద వానికేం పని? వాడే చేసింటాడు" అన్నాడు. ఆ సాయంత్రమే అసోసియేషన్ సెక్రటరీకి చెప్పాను. సెల్లార్‌లో పదిమంది పోగయ్యారు. వాచ్‌మన్‌ను పిలిచారు.

"నేను మొన్ననే జెప్పిన గదమ్మా, సూసుకోండ్రని."

"చెప్పినావు. చేసి, చెప్పినావు. మేము ఇక్కడ ఉండేదే మీవాళ్ళకు ఇష్టం లేదు కదా."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. వద్దని ఒక్కరూ అనలేదు. ఇద్దరు తలలు కూడా ఊపారు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. ఆదివారానికల్లా భార్యాభర్తలు గది ఖాళీ చేశారు. ఆమె మాత్రం ఆ రెండిళ్ళలో పని మానలేదు. ఎక్కడి నుంచో నడిచి వచ్చేది.

లక్షా ముప్పై వేలు పెట్టలేక కారును బాలానగర్‌కు తీసుకెళ్ళాం. అక్కడి మెకానిక్ ఒక మూతబడ్డ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన పెద్దాయన. వేరే బండిలోంచి తీసిన ఇంజన్ వేసి, మొత్తం అరవై వేలలో అయిపోజేస్తానన్నాడు. పాత ఇంజన్ దించిన రోజు నన్ను పిలిచి, గ్రీసు అంటిన అరచెయ్యి చాపాడు. దాని మీద రెండు నల్లటి రబ్బరు రింగులు.

"గిదేందో సూడు బిడ్డా. పాత ఫిల్టరు రబ్బరు ఇంజనుకే అంటుకొనున్నది. అది తియ్యకుంట దాని మీదనే కొత్త ఫిల్టరు బిగించిన్రు. రెండు రబ్బర్లు ఒకదాని మీదొకటి ఎన్ని రోజులు నిలుస్తయి? జరిగినయి. నూనె అంతా కారింది. ఖతం."

"ఎవరైనా కింద నట్టు వదులు చేస్తే?"

"నట్టు గట్టిగనే ఉన్నది. నేనే విప్పిన. ఈ ఫిల్టరు ఎవరు ఏసిన్రు?"

"సర్వీస్ సెంటర్ వాళ్ళు" అన్నాను.

ఆయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "గసుంటోళ్ళను పనిల ఉంచద్దు బిడ్డా."

అరగంట సేపు ఆ షెడ్డు బయట బల్ల మీద కూర్చున్నాను. చేతులు వాసన చూసుకున్నాను. ఆయిల్ ముట్టుకోనే లేదు, అయినా కంపు కొడుతున్నట్టే అనిపించింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఇప్పుడు చెప్పి ఏం లాభం? వాళ్ళు వెళ్ళిపోయినారు కదా" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కూడా పదిహేను రోజులు నోరు మూసుకున్నాను. పొద్దున్నే వాచ్‌మన్ భార్య పనికి వస్తూ మెట్ల దగ్గర ఎదురైతే లిఫ్టులోకి దూరిపోయేదాన్ని. నన్ను చూస్తే నాకే వెగటుగా ఉండేది.

చివరికి ఆమెనే అడిగి, ఆయన ఎక్కడున్నాడో తెలుసుకున్నాను. కొండాపూర్‌లోనే, కడుతున్న ఒక బిల్డింగు దగ్గర కాపలా. ఇసుక కుప్ప పక్కన కుర్చీలో కూర్చున్నాడు. లేవలేదు. నిలబడే చెప్పాను. తప్పు నాదేనని, ఫిల్టరు నేనే సరిగ్గా వేయలేదని.

అంతా విన్నాడు. "ఇంజన్ ముచ్చట నాకెర్కే అమ్మా. నేను ముట్టలేదు గద" అన్నాడు. "మీరు నన్ను పట్టుకొని 'మీవాళ్ళు' అన్నరు. గది యాదుంది" అన్నాడు.

"తప్పే. క్షమించండి. మళ్ళీ మా దగ్గరికి..."

"రాను. గక్కడ పదిమందిల అన్నరు. గక్కడనే పదిమందిల చెప్పుండ్రి. నా దగ్గర కాదు."

సెక్రటరీకి చెబితే, "ఇప్పుడవన్నీ ఎందుకండీ మేడం, కొత్తతను బాగానే ఉన్నాడు కదా" అన్నాడు. మీటింగు పెట్టనన్నాడు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. నా కారు ఇంజన్ నా తప్పు వల్లే పోయింది, పాత వాచ్‌మన్‌కు దానితో ఏ సంబంధమూ లేదు, నేను ఆయన మీద అబద్ధపు నింద వేశాను అని. నా ఫ్లాటు నంబరు వేసి సంతకం చేసి, లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అంటించాను. మధ్యాహ్నానికి చించేశారు. మళ్ళీ రాసి అంటించాను. మూడోసారి అంటించింది నాలుగు రోజులు ఉంది.

రెండో రోజు పొద్దున నేను బయటికి వెళ్తుంటే పాత వాచ్‌మన్ భార్య బోర్డు ముందు నిలబడి చదువుతోంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. నేను ఆగాను. ఆమె చీపురు తీసుకుని, నా వైపు చూడకుండా మెట్లెక్కి పనికి వెళ్ళిపోయింది.