ఫ్యాను డొప్పలో పిచ్చుకలు

శంషాబాద్‌లో మా ఇంట్లో ఎండలు ముదరగానే అమ్మ ముందుగది ఫ్యాను స్విచ్చి మీద దెబ్బలకు వేసే పట్టీ అంటించేది. ఫ్యాను పై డొప్పలో పిచ్చుకలు గూడు పెట్టేవి మరి. పిల్లలు ఎగిరిపోయేదాకా మా చేతుల్లో విసనకర్రలే.

చలికాలంలో అవే పిచ్చుకలు కిటికీ ఊచ మీద ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు పొట్టలోకి లాక్కుని, దూది ఉండల్లా కూర్చునేవి. మే నెలలో చూస్తే సగానికి సగం చిక్కినట్టుండేవి. తిండి లేకేమో అనుకునేదాన్ని.

"తిండికేమైంది? ఎండకు ఈకలు ఒంటికి అంటించుకున్నయ్, అంతే" అనేది అమ్మ.

ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి అవి రొప్పుతుంటే జాలేసేది. పిట్టలకు చెమట పట్టదు కదా, వేడి ఆ నోటి దారినే పోవాలి.

2012 మేలో, ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకాయన, నాకు వరుసకు అన్న, మా ఇంటికి భోజనానికి వచ్చాడు. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నాకు అక్కడ ఉద్యోగం ఇప్పిస్తాడని మా ఆశ. ఆరాంఘర్ నుంచి మిట్టమధ్యాహ్నం బండి మీద వచ్చిన మనిషి, అంగీ తడిసి వీపుకు అంటుకుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. పిట్టల కోసం ఫ్యాను ఆపామంటే ఎంత మొద్దులనుకుంటాడో! ఆయన అడగకముందే అనేశాను.

"కరెంట్ లేదన్నా. పొద్దుగాల్నే పోయింది."

ఆ ఏడాది కోతలు తెలియనిదెవరికి? వెంటనే నమ్మాడు.

వంటింట్లో ఉన్న అమ్మకు నా మాట వినపడలేదు. మంచినీళ్ల చెంబు తెచ్చి ఇస్తూ, "పైన పిట్ట పిల్లలున్నయ్ బిడ్డా, ఫ్యాన్ నేనే బంద్ పెట్టిన. జర ఓర్సుకో" అంది.

ఆయన నా వైపు చూడలేదు, పైకి చూశాడు. డొప్ప అంచున తల్లి పిచ్చుక రొప్పుతోంది. అంగీ గుండీలు రెండు విప్పి, చేతులు ఒంటికి ఎడంగా పెట్టి, "గిట్లనా చిన్నమ్మా?" అన్నాడు. అమ్మ పడీపడీ నవ్వింది. నేను తలెత్తకుండా అన్నం వడ్డించాను. ఆ రోజు ఏం కూర తిన్నామో కూడా గుర్తు లేదు.

వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగాడు. "పని సంగతి అడుగుత చెల్లె. కానీ కరెంట్ లేదని ఎందుకంటివి? పిట్టలున్నయని చెప్తే నేను కూసోకపోదునా?"

బండి వీధి మలుపు తిరిగాక చూస్తే అమ్మ నా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"ఫ్యాన్ నేనే బంద్ పెట్టిన అని చెప్పుడు తప్పయిందా బిడ్డా?" అని అడిగింది.

తప్పు నీది కాదమ్మా అనుకుంటూ, లోపలి నుంచి విసనకర్ర తెచ్చి అమ్మకు విసిరాను.