అత్తకు పసుపు గంజి

పాలు మానేయాలని రైల్వే ఆసుపత్రి డాక్టరు చెప్పినప్పుడు మా అత్తగారు నా వైపు చూశారు, ఆ మాట నేనే ఆయన చేత చెప్పించినట్టు. వానాకాలంలో పట్టుకున్న విరేచనాలు ఆవిణ్ణి మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. జబ్బు తగ్గింది గాని, ఆ తరవాత గుక్కెడు పాలు తాగినా, రెండు ముద్దలు పెరుగన్నం తిన్నా గంటలో కడుపు ఉబ్బిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. కొన్నాళ్ళు పడుతుందో కొన్ని నెలలు పడుతుందో చెప్పలేననీ, అందాకా పాలతో చేసినదేదీ ఇవ్వొద్దనీ ఆయన హిందీలో చెప్పాడు. నలభై అయిదేళ్ళుగా బిలాస్‌పూర్‌లో ఉన్న ఆవిడకి హిందీ నాకంటే బాగా వచ్చు. అయినా ఆటో ఎక్కాక, "ఏటన్నాడే?" అని నన్నడిగారు.

"పాలు మానెయ్యమన్నారు అత్తా."

"పసుపు పాలో?"

"అవీ పాలే కదా."

క్వార్టరు రాగానే నా కోసం ఆగకుండా ఆటో దిగి లోపలికి వెళ్ళిపోయారు.

సాయంత్రం దీపం పెట్టే వేళకి ఒక గ్లాసు పసుపు పాలు తాగడం ఆవిడకి ఎప్పటి అలవాటో నాకు తెలియదు. నేను కోడలిగా వచ్చేసరికే ఉంది. మా మామగారు శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్డులో ఖలాసీగా చేరారు. తరవాత నా భర్త కూడా అదే షెడ్డులో ఫిట్టరుగా చేరారు. ఇద్దరు మగవాళ్ళ డ్యూటీలకు అన్నాలు వండి, క్యారేజీలు కట్టి, అంతా అయ్యాక ఆ ఒక్క గ్లాసు పట్టుకుని ఆవిడ గుమ్మంలో కూర్చునేవారు. ఆ పది నిమిషాలూ ఎవరూ ఏ పనీ చెప్పడానికి లేదు. అంచేత ఆవిడకి పోయింది పాలొక్కటే కాదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. నాకు తట్టిందల్లా ఇంకొక పని నెత్తిన పడిందని మాత్రమే.

మా ఇద్దరి మధ్యా ఉన్నదేమిటో కూడా ఇక్కడే చెప్పాలి. పద్నాలుగేళ్ళ కిందట నా భర్త జ్వరం ముదిరి పోయారు. మామగారు అంతకు ముందే పోయారు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఉద్యోగంలో ఉండగా పోయారు కాబట్టి ఇంట్లో ఒకరికి రైల్వేలో ఉద్యోగం ఇస్తారు. నేను ఇంటరు చదివాను, నాకు ఇస్తామన్నారు. కుటుంబంలో మిగతావాళ్ళకు అభ్యంతరం లేదని ఒక కాగితం కావాలి. దాని మీద మా అత్తగారు వేలిముద్ర వెయ్యాలి. ఆవిడ వెయ్యలేదు. నాలుగు నెలలు వెయ్యలేదు. కాగితం దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద ఉండేది. రోజూ అడిగేదాన్ని, ఆవిడ రోజూ లేచి వెళ్ళిపోయేవారు. చిన్నకొడుకు కోసం ఆపుతున్నారని కాలనీలో అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. మా మరిదికి అప్పటికి సరైన పని లేదు. చివరికి ఒక పొద్దున్న ఏమీ మాట్లాడకుండా వేలిముద్ర వేసి ఇచ్చారు. నేను ఆఫీసులో చేరాను. ఆవిడ నా దగ్గరే ఉండిపోయారు. ఉప్పు అయిపోయింది, కరెంటు పోయింది, పిల్లకి జ్వరం లాంటి మాటలతోనే పద్నాలుగేళ్ళు గడిచిపోయాయి. తగువులాడుకున్నది లేదు. తగువాడాలన్నా కాస్త ఓపికుండాలి.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మూడో రోజుకే ఆవిడ సాయంత్రాలు గుమ్మంలో కూర్చోవడం మానేశారు. మంచం మీదే గోడవైపు తిరిగి పడుకునేవారు. తిండి తగ్గింది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే, "మమ్మీ, బాదం పాలు ప్యాకెట్‌లో దొరుకుతాయి, వహీ లే లో నా. ఇంత టెన్షన్ ఎందుకు?" అంటూ అవే కొనమంది. తెచ్చాను. వేడి చేసి పసుపు వేసి ఇచ్చాను. ఆవిడ వాసన చూసి, "పిల్లలకి పూసే పౌడరు వాసనొస్తంది" అని గ్లాసు పక్కన పెట్టేశారు. నిజమే, అలాగే ఉంది.

తరవాత కొబ్బరి పాలు. ఆఫీసు నుంచి వస్తూ బుధ్‌వారీ బజారులో కొబ్బరికాయ కొని, కోరి, మిక్సీలో వేసి, గుడ్డలో పిండి, పసుపూ మిరియాలూ వేసి మరిగించాను. మరిగేసరికి విరిగిపోయింది. పైన నూనె, కింద పచ్చటి నీళ్ళు. రెండోసారి సన్నని మంట మీద పెట్టి కదలకుండా నిలబడ్డాను. బాగానే వచ్చింది. ఆవిడ తాగారు కూడా. కాని అంత కొవ్వు ఆ కడుపు పట్టలేకపోయింది, తెల్లారేసరికి మళ్ళీ విరేచనాలు. వేరుశనగ పప్పు నానబెట్టి రుబ్బి చూశాను, పుల్లతేన్పులు. ప్రతిసారీ మోకాళ్ళు పీకుతుండగా పొయ్యి దగ్గర నిలబడటం, ప్రతిసారీ గిన్నె బోర్లించి కడుక్కోవడం. ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా అని ఒక సాయంత్రం అనిపించింది. ప్రేమతో చేస్తున్నానని చెప్తే అబద్ధం. రేపు మా మరిది ఒక మాట అనకూడదు, కాలనీ వాళ్ళు ఒక మాట అనకూడదు. అందుకే చేస్తున్నాను.

దారి చూపించింది మా పక్క క్వార్టరావిడ. ఆవిడ పుట్టిల్లు ఇక్కడికి దగ్గరలోని బెల్తరా పల్లె. భర్త పట్టాల మీద పని చేస్తాడు. గోడ మీద నుంచి నా గిన్నె కడుగుడు రోజూ చూస్తున్నట్టుంది. "దూద్ నై పచత్ హే త పసియా దే దే దీదీ" అంది. పాలు అరక్కపోతే గంజి ఇవ్వమని. వాళ్ళ ఊళ్ళో ఎవరికి కడుపు బాగోకపోయినా మొదట అదేనట. లావు బియ్యం తీసుకొమ్మంది, నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించమంది, వార్చిన గంజి చిక్కగా తెల్లగా పాలలాగే ఉంటుందంది.

గంజి నాకు తెలియనిదా? తెలిసినదే కాబట్టి తట్టలేదు.

ఆ రోజు రేషను బియ్యం ఉడికించి గంజి వార్చాను. అందులో పసుపు, దంచిన మిరియాలు, శొంఠి పొడి, చిన్న దాల్చిన చెక్క ముక్క వేసి మరగనిచ్చాను. దించాక బెల్లం తురుము, చిటికెడు ఉప్పు, రుచికి రెండే రెండు చెంచాల కొబ్బరి పాలు. రంగు అచ్చం పసుపు పాలే. స్టీలు గ్లాసులో పోసి మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పకుండా ఇద్దామనుకున్నాను గాని గ్లాసు ముక్కు దగ్గరికి వెళ్ళగానే ఆవిడకి తెలిసిపోయింది.

"గంజేటిది."

"కడుపుకి మంచిది అత్తా."

"గంజి నా సిన్నతనంలో తాగీసినాను. మా అయ్య కూలికెల్లి గింజలు తెత్తే, అన్నం మొగోల్లకి, గంజి మాకు. ఇక్కడికొచ్చినాక ఆయన మొదటి జీతంతో నాకు పాలు పోయించినారు. ఇంక గంజి నాకొద్దు."

ఆవిడ నాతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నేళ్ళయిందో. నేను గ్లాసు కిటికీలో పెట్టి వచ్చేశాను. మర్నాడూ అలాగే పెట్టాను, అలాగే చల్లారింది. మూడో రోజు ఖాళీ గ్లాసు కనబడింది. పారబోశారేమోనని కిటికీ కింద చూశాను. నేల పొడిగా ఉంది.

అప్పటి నుంచి అది రోజూ పని అయింది. ఆవిడకి కడుపు కుదుటపడసాగింది. రెండు పూటలా ఇమ్మన్నాడు డాక్టరు. పొద్దున్న అయిదింటికి లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, గంజి వార్చి ఫ్లాస్కులో పోసి ఆఫీసుకి పరిగెత్తేదాన్ని. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకముందే బియ్యం కడిగేదాన్ని. ఆఫీసులో ఆ నెల సర్వీసు రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. కళ్ళు మండిపోయేవి. ఏ పని ముందు చేశానో ఏది తరవాతో గుర్తుండేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు గొంతు పట్టేసింది. పొద్దున్నది ఫ్లాస్కులో ఒక గ్లాసు మిగిలి ఉంటే నేనే తాగుదామని పోసుకున్నాను. మొదటి గుక్క మింగలేకపోయాను. పచ్చి పసుపు. గొంతుకి అడ్డం పడేంత చేదు. అప్పుడు తెలిసింది. త్వరగా అయిపోవాలని కొన్నాళ్ళుగా పసుపు మరిగించడం మానేసి, గంజి దించాక చెంచా వేసి కలిపేస్తున్నాను. బెల్లం వెయ్యడం కూడా మర్చిపోతున్నాను. వారమయిందో పది రోజులయిందో. కూరలో ఉప్పు కాస్త తగ్గితే కంచం జరిపేసే మనిషి, పూటపూటా ఇదంతా తాగి గ్లాసు బోర్లించి పెట్టారు.

గ్లాసు పట్టుకుని ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాను.

"ఇంత చేదుగా ఉంటే ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"ఏటని సెప్పనే?" అన్నారావిడ. లేచి కూర్చున్నారు. "నువ్వు ఆపీసు నుంచొచ్చి కూకోకుండా పొయ్యికాడ నిలబడతన్నావు. ఆ నిలబడ్డం నాను సూడనేదేటి? సేదని సెప్తే మల్లీ నిలబడతావు."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. పద్నాలుగేళ్ళలో ఆ మంచం మీద కూర్చోవడం అదే మొదలు. బయట షంటింగు ఇంజను ఒకటి ఆగి ఆగి కూస్తోంది. ఎందుకడిగానో నాకు తెలియదు, అడిగేశాను.

"ఆ కాగితం నాలుగు నెలలు ఎందుకు ఆపావు అత్తా? మరిది కోసమేనా?"

ఆవిడ తన వేళ్ళు చూసుకున్నారు.

"ఆడికి ఉద్యోగం ఏటి, ఆడు ఒక్కకాడ నిలబడే మనిసేటి? నీకు ముప్పయ్యేల్లు అప్పటికి. ఉద్యోగమొచ్చీస్తే పిల్లని తీసుకుని ఎల్లిపోతావనుకున్నాను. మల్లీ మనువాడతావేమో కూడా అనుకున్నాను. తప్పని కాదే. నువ్వెల్లిపోతే ఈ కోటరు పోతాది. నానెక్కడుండాల?"

"ఆ మాటే అడగొచ్చు కదా."

"ఎలగడుగుతానే? కొడుకు పోయిన ఇంట్లో నా కూటి కోసం నానడిగితే మనిసినేటి?"

నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఆ నాలుగు నెలలూ నేను పడ్డ చిత్రవధ ఆ ఒక్క మాటతో పోయేదీ కాదు. అప్పుడు ఆఫీసు వరండాల్లో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ని రోజులు పడిగాపులు పడ్డానో నాకు తెలుసు. కాని ఇన్నేళ్ళూ నేను మోసిన బరువులో సగం, లేనిదాన్ని ఉందనుకుని మోసినదే అనిపించింది. అంతకంటే ఏమీ ఆలోచించే శక్తి లేదు. ఫ్లాస్కు కడిగి, మళ్ళీ బియ్యం పెట్టి, ఈసారి పసుపు పచ్చి వాసన పోయేదాకా మరిగించాను. ఇద్దరం చెరో గ్లాసు తాగాం. ఆవిడ, "బెల్లం కాసింత ఎక్కువైంది" అన్నారు.

చలికాలం వెళ్ళాక మా మరిది విజయనగరం నుంచి వచ్చాడు. ఇప్పుడతనికి అక్కడ సొంతంగా ఎలక్ట్రికల్ షాపు ఉంది. "వదినా, అలిసిపోయావు. కొన్నాళ్ళు అమ్మని మా ఇంట్లో ఉంచుతాను" అన్నాడు. మంచిమాటగానే అన్నాడు. నేను వద్దనలేదు. ఆవిడ సంచీ సర్దుకున్నారు. తోడికోడలికి గంజి సంగతంతా కాగితం మీద రాసిచ్చాను.

వాళ్ళు వెళ్ళిన ఆదివారం పొద్దున్న తొమ్మిదింటి దాకా పడుకున్నాను. ఆ తరవాతి ఆదివారమూ అంతే. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పి ఊరికే కూర్చునేదాన్ని. హాయిగా ఉందని దాచకుండా చెప్తున్నాను. ఆ హాయి కూడా అలసటగానే ఉండేది. పొడిగా, ఎవరి కోసమూ లేవనక్కర్లేని అలసట.

ఇరవై రోజులకి ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అక్కడి గంజి గురించి ఏమైనా అంటారేమోననుకున్నాను. "ఆ పిల్ల బాగానే సేస్తంది" అన్నారు. తరవాత, "సెలవు దొరుకుతాదేటే?" అన్నారు.

"ఎందుకు అత్తా?"

"నన్ను తీసుకుపోడానికి."

ఆ తొమ్మిదింటి దాకా నిద్ర కళ్ళ ముందు కదిలింది. "రేపు ఆఫీసులో అడిగి చెప్తాను" అన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. "అలగే" అని పెట్టేశారు.

మర్నాడు మూడు రోజుల సెలవుకి దరఖాస్తు రాశాను. కారణం అన్నచోట 'అత్తగారిని ఇంటికి తీసుకొచ్చుటకు' అని హిందీలో రాసి ఇచ్చాను. మా పెద్ద గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని చదివి, "సాస్ కో వాపస్ లా రహీ హైఁ?" అన్నాడు. అత్తగారిని తిరిగి తెచ్చుకుంటున్నారా అని. నవ్వుదామనుకున్నాడు గాని నా ముఖం చూసి ఊరుకున్నాడు. అవునన్నాను. సంతకం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడకి కింద బెర్తు, నాకు మధ్య బెర్తు. రాయ్‌పూర్ దాటాక తెల్లవారింది. ఆవిడ ముందే లేచి, కిటికీ పక్కన కూర్చుని, నా చెప్పులు రెండూ ఎవరూ తన్నకుండా బెర్తు కిందకి జరిపి పెట్టారు. బిలాస్‌పూర్ ఇంకెంత దూరమని అడిగారు. గంటన్నర ఉంటుందన్నాను.

"అయితే ఇంకాసేపు తొంగో" అన్నారు.