పుట్టింటి రాయి

మొన్న వానలు వెనకబట్టిన రోజుల్లో ఎర్రుపాలెం నుంచి మా మేనత్త ఫోను చేయించింది. చేయించింది అని ఎందుకంటున్నానంటే ఆమెకిప్పుడు చూపు సరిగా ఆనదు, మనవరాలు కలిపిస్తేనే మాట్లాడుతుంది. ఎట్లా ఉన్నావని కూడా అడగకుండా తన రాయి తెచ్చిపెట్టమంది.

"నేను పోయినంక తెద్దువులే అనుకుంటున్నవేమో అల్లుడా. అప్పుడు నీకు తొందరుంటది, రోడ్డు పక్కన ఏదో కంకర రాయి ఏరుకొస్తవ్. నీ సంగతి నాకెరుక. బతికుండంగనే తే, నా చేత్తోటి నేను చూసుకుంట."

ఏ రాయి పడితే ఆ రాయి కాదు, వాళ్లమ్మ గోరీ పక్క మన్నులోదే కావాలని కూడా చెప్పి ఫోను పెట్టేసింది. నేను చాలాసేపు ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను. వాళ్లమ్మ, అంటే మా నానమ్మ, గోరీ ఏదో నాకు తెలియదు.

మాది దూదేకుల కుటుంబం. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, విల్లు భుజాన వేసుకుని, నారిని టుంగు టుంగుమని మీటుకుంటూ వీధిలోకి వచ్చి, పాత పరుపుల దూదిని మబ్బుల్లా ఏకి మళ్లీ కుట్టి ఇచ్చే మనుషులు. మా తాతల కాలంలో ఆ పని కోసం కారేపల్లి మొదలుకొని గోదావరి గట్టు దాకా అడవి పల్లెలన్నీ కాలినడకన తిరిగేవారట. తిరిగిన చోటల్లా సంబంధాలు కలుపుకున్నారు. మా ఇంటికి కోడళ్లు అట్లా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట వాగు ఒడ్డున మా గోరీల గడ్డ ఉంది. అక్కడ ఏ గోరీ మీదా పేరు లేదు. అందరూ మట్టిలోనే, తలాపున ఒక రాయి, అంతే.

అయితే ఆ రాయికి ఒక పద్ధతి ఉంది. వేరే దూదేకుల ఇళ్లలో ఉందో లేదో చెప్పలేను గానీ మా వంశంలో ఉంది. ఇంటి కోడలు చనిపోతే ఆమె అన్నదమ్ములు మట్టి వేయడానికి వచ్చేటప్పుడు తమ ఊరి నేలలోంచి ఒక రాయి మోసుకొస్తారు. దాన్నే తలాపున పాతుతారు. పుట్టింటి రాయి అంటారు దాన్ని. ఎక్కడో పుట్టి పరాయి మట్టిలో పడుకున్న ఆడమనిషికి తలవైపైనా తన ఊరు ఉండాలని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మగవాళ్లకు మాత్రం మా నేలలోనే దొరికే, పురుగు తొలిచినట్టు చిల్లులుండే ఎర్రరాయి. ఇప్పుడు మేనత్త అడిగింది కూడా అదే, ఎర్రుపాలెం నల్లరేగడిలో తన తలాపున ఉండాల్సిన ఎర్రరాయి. మోసుకురావలసిన అన్న, మా నాన్న, పోయి చాలా ఏళ్లయింది. ఆ పని ఇక నాది.

నాన్న ఉన్నప్పుడు ప్రతి రంజాన్ పండగనాడు నమాజు కాగానే గోరీల గడ్డకు తీసుకెళ్లేవాడు. ఒక్కొక్క రాయి మీద చెయ్యి వేసి, ఈమె గుట్టలది, ఈమె గోదారిది అని చెప్పుకుంటూ ముందుకు నడిచేవాడు. నేను అప్పటికే బస్సు కండక్టరు ఉద్యోగంలో చేరాను. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ స్టేజీకి ఎంత టికెట్టో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి గానీ, ఆ స్టేజీల్లో ఎన్నింటి నుంచి మా ముత్తవ్వలు దిగివచ్చారో వినడానికి నాకు తీరిక ఉండేది కాదు. వాగు దగ్గరే నిలబడి గడియారం చూసుకునేవాణ్ణి. రమ్మని పిలిస్తే, మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే నాన్నా, డ్యూటీ టైమైతంది అనేవాణ్ణి. ఆ మాట ఎన్ని పండగలకు అన్నానో.

ఇంతకంటే పెద్ద పని ఇంకొకటి చేశాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో, తోటి ఉద్యోగి ఊళ్లో వాళ్ల గోరీలు పాలరాతితో మెరిసిపోతుంటే చూసి, మావి అడవిలో ఎవరో పారేసిన రాళ్లలా ఉన్నాయని సిగ్గుపడ్డాను. పండగ ముందు బస్తా సున్నం తెచ్చి, తడిపి, నా చేతులతోనే రాళ్లన్నింటికీ రెండు పూతలు వేశాను. సాయంత్రానికి గడ్డంతా కొంగలు వాలినట్టు తెల్లగా ఉంది. నాన్న వచ్చి చూశాడు. "తెల్లగ మంచిగనే ఉన్నయ్ గని..." అని ఆగిపోయాడు. ఆ 'గని' తర్వాత ఏముందో నేను అడగలేదు. కొడుకు తనంత తానుగా గోరీల గడ్డకు రావడం అదే మొదటిసారి కదా, అందుకని మింగేశాడేమో. నాకు తెలియకుండా జరిగింది ఏమిటంటే, కొడుకు మొదలుపెట్టిన పనని ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయనే సున్నం వేస్తూ వచ్చాడు. నేను బదిలీల మీద డిపోలు తిరుగుతూ పండగలకు రావడమే మానేశాను.

అందుకే మొన్న నేనూ మా ఆవిడా వెళ్లి నిలబడేసరికి, వేలిమందాన సున్నం పేరుకుని, పాచి పట్టి, రాళ్లన్నీ ఒకటే తీరుగా ఉన్నాయి. నానమ్మ గోదావరి ఒడ్డు పిల్ల అని మాత్రం తెలుసు. కొడవలితో గీకితే రాయే చిట్లుతోంది. మా ఆవిడ నా చేతిలోంచి కొడవలి లాక్కుంది.

"ఇత్తడి బిందెకు ఏం పెట్టి తోముతరు? ఊళ్లెకు పోయి చింతపండు తేపోండి జల్దీ. కొబ్బరి పీచు గూడ."

తెచ్చాను. ఆమె చింతపండు పులుసు పోసి నానబెడుతుంటే నేను పీచుతో రుద్దాను. సున్నం బుసబుసమని నురగెత్తి, పెచ్చులుగా ఊడి, కింద నుంచి మొదటి రాయి బయటపడింది. గుట్టల తెల్లరాయి, లోపల ఉప్పుకల్లులా మెరుస్తోంది. పక్కది పొరలు పొరలుగా నల్లగా ఉంది, ఇల్లందు వైపు బొగ్గు నేలలో అట్లాంటివే ఉంటాయి. ఆ పక్కది నీలిచారల బండముక్క. ఒక్కొక్కటి కడుగుతున్నకొద్దీ, ఎవరో పేర్లు పెట్టి పిలిచినట్టు, ఒక్కో రాయీ ఒక్కో ఊరి ముఖంతో లేచి కూర్చుంటోంది. మోటారు బండ్లు లేని కాలంలో ఆ బరువును అంతేసి దూరం ఎట్లా మోశారు? చెల్లెలు చనిపోయిందని కబురు అంది, ఏడుస్తూనే పొలంలోకి వెళ్లి రాయి వెతికి, దుప్పట్లో మూటగట్టి, అడవిదారిన వంతులేసుకుని మోసిన ఆ అన్నదమ్ములు ఎట్లాంటి మనుషులు? అడవి వైపు చివర, టేకు చెట్ల వేళ్లు పట్టి పైకెత్తిన పాత గోరీల దగ్గరికి వెళితే, నేను ఎన్నడూ చూడని రంగు రాళ్లున్నాయి. పసుపుపచ్చగా ఒకటి, గంటలా మోగేది ఒకటి. అవి ఏ ఊళ్లవో చెప్పగలిగిన మనిషి ఇవాళ భూమ్మీద లేడు. చేతిలో పీచు పట్టుకుని ఆ ముసలి రాళ్ల ముందు అట్లాగే నిలబడిపోయాను. మాట్లాడాలంటే భయమేసింది, మసీదులో ఉన్నట్టే అనిపించింది.

తాత గోరీ పక్కకు వచ్చాక గోదావరి రాయి దొరికింది. నీళ్లు నాకి నాకి గుడ్డులా నున్నగా చేసిన రాయి. దొరికిందని మా ఆవిడను కేకేశాను. ఆమె అప్పటికే పక్కదాన్ని కడుగుతోంది.

"ఇదిగూడ గసొంటిదే గదా," అంది.

నిజమే. పక్కపక్కనే రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏది నానమ్మదో తేల్చుకోలేక చివరికి రెండింటి మధ్య మట్టిలోంచి ఎర్రరాయి ఒకటి తవ్వి తీశాను. దాని కిందే ఇంకొకటి ఉంటే అదీ తీసుకున్నాను.

ఎర్రుపాలెంలో మేనత్త మంచంలో కూర్చుని రాయిని ఒళ్లో పెట్టుకుని, చిల్లుల్లో వేళ్లు పెట్టి తడుముకుంది. మా అమ్మ పక్కదేనా అని అడిగింది. అవునని చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేకపోయాను. సున్నం సంగతి, రెండు రాళ్ల సంగతి, తేల్చుకోలేక నడుమ తవ్విన సంగతి అంతా చెప్పాను.

"చిన్నది మా అమ్మది," అంది. "పెద్దది మీ నానమ్మది."

ఇద్దరూ ఒకరే కదా అత్తా అన్నాను.

"కాదురా. అక్కచెల్లెండ్లు వాళ్లు. మీ నాయన్ను కని పెద్దామె పోయింది. పసిపిల్లగాణ్ణి సాకనీకి చిన్నామెనిచ్చి చేసిండ్రు. గామెకు నేను పుట్టిన. మీ నాయన చెప్పలేదా నీకు?"

పండగ పూట నాన్న ఆ తావున మిగతా చోట్లకంటే ఎక్కువసేపు ఆగడం, వాగు దగ్గర్నుంచి నేను చూస్తూ విసుక్కోవడం కళ్లముందుకు వచ్చాయి. చెప్పాలనే కదా పిలిచేవాడు. తాను ఎరగని తల్లి రాయి మీద కూడా, నాకు ఇష్టమని, ఏటేటా సున్నం పూసుకుంటూ వచ్చాడు.

నడుమలోది పనికొస్తుందా, మళ్లీ వెళ్లి చిన్న రాయి పక్కది తేవాలా అని అడిగాను. మేనత్త రాయిని మంచం కిందికి, తలవైపుకి జరిపించింది.

"ఇద్దరికీ దగ్గర్లదే తెచ్చినవ్ గద. గిదే మంచిగైంది. తెలిసి తెస్తే ఒక్కామెదే తెద్దువు."

రెండో రాయి మా ఇంట్లో ఉంది. మా అమ్మాయి కోసమని తెచ్చాను గానీ, తెచ్చాక ఆలోచన పట్టుకుంది. ఆమె పుట్టింది దవాఖానాలో, పెరిగింది నా బదిలీలతో ఊరూరా కిరాయి ఇళ్లల్లో, ఉంటున్నది పట్నంలో తొమ్మిదో అంతస్తులో. ఆ ఎర్రమట్టి మీద ఆమె కాలు పెట్టించింది లేదు నేను. ఇప్పుడందరికీ నల్లరాతి పలకలే, పేరు మిషనుతో చెక్కి ఇస్తారు. చదవడానికి సుళువే. ఏ ఊరి బిడ్డో మాత్రం ఆ రాయి చెప్పదు.

పోయిన వారం అమ్మాయి వచ్చింది. గాలికి వరండా తలుపు టపటపా కొట్టుకుంటుంటే, మూలనున్న ఆ ఎర్రరాయిని కాలితో జరిపి అడ్డం పెట్టింది. అదేం రాయో చెబుదామని నోరు తెరిచాను. కారు వచ్చేసిందని ఫోను చూసుకుంటూ, మళ్లీ వచ్చినప్పుడు చెబుదువులే నాన్నా అంది. సరే అమ్మా అన్నాను. ఆమె వెళ్లిపోయాక కూడా రాయిని అక్కడే ఉంచాను. గాలి చాలాసేపు వీచింది గానీ తలుపు కొట్టుకోలేదు.