పదో సీసం సంచి

నిన్న పొద్దున హోటల్ నుంచి తెప్పించిన సాంబారు పొట్లం విప్పుతుంటే దానికి చుట్టిన రబ్బరు బ్యాండు పుటుక్కున తెగి వేలి మీద చురుక్కున తగిలింది. పాతబడి జిగురు పట్టిన రబ్బరు. ఆ వాసన ముక్కుకు తగలగానే "తీసెయ్, కొత్తది వెయ్" అని నా నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరితో అన్నానో తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. నిజానికి ఆ మాట నాది కాదు, రాజలింగం సార్‌ది. నలభై ఏళ్ల కింద, ప్యారాచూట్లు మడతపెట్టే రేకుల షెడ్డులో, ఏ రబ్బరు బ్యాండు కాస్త వదులైనట్టు అనిపించినా ఆయన అనే మాట అది. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన్ని చూసినవాళ్లు ఇప్పుడు పెద్దగా ఎవరూ మిగల్లేదు కాబట్టి నేనే చెప్పాలి.

మాది కాజీపేట. నాన్న రైల్వేలో ఫైర్‌మన్. ముగ్గురం ఆడపిల్లలం, నేను పెద్దదాన్ని, పేరు తెరేసమ్మ. బడి అయిపోయాక చర్చిలో సిస్టర్ల దగ్గర కుట్టు నేర్చుకున్నాను. కుట్టులో నన్ను మించినవాళ్లు లేరని నాకు పెద్ద పొగరు. ఎనభైల మొదట్లో, ఖమ్మం రోడ్డులో వాడకుండా పడి ఉన్న ఒక పాత రన్‌వే మీద కొందరు పెద్దమనుషులు కలిసి జంపింగ్ క్లబ్బు పెట్టారు. ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాదు నుంచి చిన్న విమానం వచ్చేది. కాలేజీ కుర్రాళ్లు, వ్యాయామం నేర్పే పంతుళ్లు అందులో ఎక్కి ప్యారాచూట్‌తో దూకేవారు. పల్లెల జనం సద్దులు కట్టుకుని మరీ చూడ్డానికి వచ్చేవారు. వాళ్లు దాన్ని గాలిగొడుగు అనేవారు. రాజలింగం సార్ మాత్రం ఛత్రీ అనేవారు, సైన్యంలో అంతా అలాగే అంటారట. ఆయనది నెక్కొండ దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇరవై ఏళ్లకు పైగా సైన్యంలో ఛత్రీలు మడిచి, హవల్దారుగా రిటైరై వచ్చి, ఈ క్లబ్బులో అదే పని పట్టుకున్నారు. చినిగినవి కుట్టడానికి మనిషి కావాలని చర్చికి కబురు చేస్తే సిస్టర్ నన్ను పంపింది. అప్పటికి నాకు ఇరవై రెండు నిండాయి.

మొదటి వారంలోనే నా పొగరు కాస్త దిగింది. షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు మైనం రుద్దిన పొడవాటి బల్ల ఉండేది. దాని మీద ఛత్రీని బారుగా పరిచి, తాళ్లు ఒకదాన్ని ఒకటి దాటకుండా సరిచేసి, గుడ్డ మడతలను ఎడమకు సగం, కుడికి సగం పేర్చి, తాళ్లను పాములా మెలికలు తిప్పి రబ్బరు బ్యాండ్లలో దోపి, చివరకు ఒక సన్నటి దారంతో ముడి వేయాలి. ఆ దారాన్ని చూసి నాకు జాలేసింది. రవికె గుండీ కూడా నిలవదు దీంతో అనుకుని, బజారులో దొరికే గట్టి దారం తెచ్చి, నాలుగు పేటలు కలిపి, బలంగా ముడివేసి మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. సార్ దాన్ని వేలితో లాగి చూశారు. కత్తెర తీసి కటుక్కున కోసేశారు.

"నువ్వు రైక గుడుతె దారం తెగొద్దు బిడ్డా. గీడ తెగాలె. గిది తెగకపోతె ఛత్రీ ఇచ్చుకోదు, ఛత్రీ ఇచ్చుకోకపోతె మనిషి సక్కగ భూమిల వడ్తడు. తెగేదాన్ని తెగనియ్యాలె."

కుట్టుపనిలో ఆరేళ్లు నేర్చినదంతా అక్కడ తలకిందులు చేసుకోవాల్సి వచ్చింది. కోపం వచ్చింది కానీ ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు.

సామాన్ల విషయంలోనూ ఆయన మాటకు తిరుగులేదు. ఒకసారి మా సెక్రటరీ సార్ బొంబాయి నుంచి ఒక నలుచదరం ఛత్రీ పాతది కొనుక్కొచ్చారు. ఆయన ఊళ్లో పేరున్న వకీలు, కొత్త వస్తువంటే ప్రాణం. మా దగ్గరున్నవన్నీ గుండ్రటివి, గాలి ఎటు తోస్తే అటు పోయేవి. ఇది రెక్కలా ఉంటుంది, ఎటు లాగితే అటు తిరుగుతుంది. కుర్రాళ్లు దాని చుట్టూ మూగి ఒకటే గోల. రాజలింగం సార్ దాన్ని దూలానికి వేలాడదీసి, ఒక్కో అరలో చెయ్యి పెట్టి, గుడ్డకు నోరు ఆనించి గాలి ఊది చూశారు. గుడ్డ పాతబడి గాలి వదిలేస్తోంది. "గిది గుర్రం సార్, అందులో ముసలి గుర్రం. మన పోరగాండ్లు ఇంక ఎడ్లబండి తోల నేర్వలే. దీని మీద కూసోవెడ్తె ఏమైతది? మొదలు మెల్లగ దిగుడు నేర్వనియ్" అన్నారు. సెక్రటరీ సార్ మొహం మాడ్చుకున్నారు. ఆ ఛత్రీ మూటలోనే ఉండిపోయింది.

ఆ షెడ్డులో ఇంకో ఆచారం ఉండేది. దూకే రోజు పొద్దున ఎవరైనా సరే ఒక మూటను చూపించి, "గిది నువ్వే ఏసుకోని దూకు" అని దాన్ని మడిచినవాళ్లను అడగొచ్చు. కాదనకూడదు. సార్ సైన్యంలో అలా ఎన్నిసార్లు దూకారో లెక్కే లేదు. నేను మడతపెట్టడం మొదలుపెట్టిన రెండో ఏడు యాదగిరి నా మూటను చూపించాడు. యాదగిరి హనుమకొండలో ఒక బడిలో వ్యాయామం పంతులు, దూకేవాళ్లందరిలో మొండివాడు. ఈసారి నా మూటే చూపిస్తానని అతను ముందు రోజే అందరితో అన్నాడు, అది తెలిసి మా అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. "పెండ్లి గావాల్సిన పిల్లవు, కాలిరిగితె ఎవడు జేస్కుంటడే నిన్ను?" అంది. నాన్న తన పాత ఖాకీ ప్యాంటు ఉతికి ఇచ్చాడు. దాన్ని నడుముకు తాడుతో బిగించుకుని విమానం ఎక్కాను. తలుపు దగ్గర నిలబడగానే యేసుప్రభువు, మరియతల్లి, అందరూ ఒకేసారి గుర్తొచ్చారు. దూకగానే విమానానికి కట్టిన పట్టీ మూటను లాగి విప్పేసింది, పైన ఫట్‌మని చప్పుడైంది, చూస్తే నా నెత్తి మీద నేను మడిచిన గుడ్డే, ఒక్క మడత కూడా మిగలకుండా విచ్చుకుని ఉంది. నేను దిగింది మిరప చేన్లో. చేను గలామె పరుగున వచ్చి, "ఆకాశం కెల్లి గూడ నా తోట మీదికే వచ్చినవానే!" అని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆ రోజు నుంచి నా పొగరు మళ్లీ తలకెక్కింది. ఇక నాకు తప్పనేదే రాదు అనుకున్నాను.

ఇప్పుడు సీసం సంచుల సంగతి చెప్పాలి. మడత జారిపోకుండా గుడ్డ మీద బరువుగా పెట్టేందుకు, అరచేయంత సంచుల్లో సీసం గుళ్లు పోసి కుట్టినవి పది ఉండేవి. తెల్ల గుడ్డ సంచులు. ఒక ఛత్రీ మడవడం అయ్యాక పదీ పళ్లెంలోకి రావాలి, గట్టిగా "పది" అనాలి, రిజిష్టర్లో రాయాలి. ఒక్కటి లోపల ఉండిపోతే అది విచ్చుకునేటప్పుడు గుడ్డను చింపొచ్చు, తాళ్లలో చిక్కుకోవచ్చు. లెక్క రాయడం నా పని.

ఒక శనివారం మర్నాటి కోసం ఆరు ఛత్రీలు మడిచాం. ఆ సాయంత్రమే మా చెల్లి నిశ్చితార్థం. మధ్యాహ్నం తర్వాత మడిచినవి మూడు, రెండు నేను, చివరిది సార్. ఆ మూడింటికీ నేను సంచులు లెక్కపెట్టలేదు. పళ్లెం వైపు ఒక చూపు చూసి పది, పది, పది అని రాసేశాను. ఇన్నాళ్లలో ఎప్పుడైనా తక్కువయ్యాయా అనే ధీమా. సంతకం పెట్టి బస్సు కోసం పరుగెత్తాను.

ఆదివారం పొద్దున షెడ్డు ఊడుస్తూ పళ్లెం జరిపితే ఎందుకో తేలిగ్గా అనిపించింది. లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్లీ పెట్టాను. బల్ల కింద, చీపురు మూల, నా అన్నం డబ్బా సంచిలో, అన్నిచోట్లా వెతికాను. తొమ్మిదే. బయట విమానం ఇంజిన్ మోగుతోంది. జనం గట్ల మీద బారులు తీరి కూర్చున్నారు. యాదగిరి మూట తగిలించుకుని పట్టీలు బిగించుకుంటున్నాడు. చెబితే నా పని పోతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే ఒక మనిషి పోవచ్చు. ఇందులో ఆలోచించడానికి ఏముందని మీరనొచ్చు. నేను మాత్రం ఆలోచించాను, చీపురు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ కాసేపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత పరుగెత్తాను.

"సార్, సంచి ఒకటి తక్కువున్నది. నిన్న లెక్కవెట్టకుండనే పది అని రాసిన."

రాజలింగం సార్ నా మొహంలోకి చూశారు. "ఎన్నింటికి వెట్టలే?"

"చివరి మూడింటికి."

"ఆరూ ఇప్పుండ్రి" అన్నారు ఆయన అందరికీ వినపడేలా.

సెక్రటరీ సార్ ఉరికొచ్చారు. "సార్, విమానం పన్నెండింటికల్ల వాపస్ పోవాలె! ఏడనో పడిపోయుంటది. ఇప్పితె మళ్ల మడిచేదెప్పుడు? గంత మంది జనం వచ్చిండ్రు. గీ ఆడిపిల్లకు గీ పని వద్దని నేను ముందుగాలనే చెప్పిన. పోనీ మూడే ఇప్పుండ్రి."

"రిజిష్టర్ల ఒక్క అబద్ధం దొరికితె మిగిలినయి నిజమని ఎట్ల నమ్ముత సార్? ఆరూ ఇప్పాలె."

యాదగిరి మూట దింపి నా ముందు ధబాలున పడేశాడు. "చూడకుండ ఎట్ల రాసినవ్? నీ పెన్ను కింద నా పానమున్నదని యాదికి లేదా?" అన్నాడు.

నావి ముందు విప్పాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏమీ లేదు. సెక్రటరీ సార్ గడియారం చూసుకుంటూ ఏదో గొణుగుతున్నారు. ఐదోది సార్ పొద్దుటి పూట మడిచినది, అందులోనూ లేదు. ఆరోది, యాదగిరి వీపు మీద నుంచి దిగినది. నాలుగో మడత తీయగానే తెల్ల గుడ్డ మీద తెల్ల సంచి కనిపించింది. నాకు కనిపించింది. సార్ చెయ్యి మాత్రం దాని పక్క నుంచే రెండుసార్లు పోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. కొన్ని నెలలుగా ఆయన ప్రతి సూదినీ నా చేతికిచ్చి "దారం ఎక్కియ్యి బిడ్డా" అనేవారు. నాకు పని నేర్పుతున్నారనుకుని మురిసిపోయాను. గుడ్డను వేళ్లతో తడిమి తడిమి చూస్తుంటే అనుభవం అనుకున్నాను. ఆయన కళ్లకు పొరలు కమ్మితే, నాకు నా గొప్పే కమ్మింది. నేను సంచిని తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన పిడికిలి మూశారు.

సెక్రటరీ సార్ గొంతు తగ్గించారు. "సరే సార్, దొరికింది గద. బయటికి చెప్పేదేమున్నది? పిల్ల లెక్క తప్పిందని అందాం."

"పిల్ల లెక్క తప్పింది. అది ఒప్పుకున్నది" అన్నారు సార్. "సంచి మర్శింది నేను. కండ్లు మసకైనయని ఆర్నెల్ల సంది నాకెరుకే. పని పోతదని దాసిపెట్టిన. ఆమె ఒక్క రాత్రి దాసింది, నేను ఆర్నెల్లు దాసిన. ఎవలిది పెద్ద తప్పు సార్?"

రిజిష్టర్ తెప్పించుకుని, ఆ సంగతే తన చేత్తో వంకర టింకర అక్షరాలతో రాసి, ఇక నుంచి తాను ఛత్రీ మడవనని కింద సంతకం పెట్టారు. అంత మనిషి అలా వంగి రాస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు ఎవరూ దూకలేదు. జనం మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ తెల్ల సంచిని ఆయన నాకిచ్చి, "గిది నీ తాన ఉంచుకో. కొత్తయి ఎర్రగుడ్డతోని కుట్టు" అన్నారు. వారంలో పది ఎర్ర సంచులు కుట్టాను. నా పని పోలేదు, ఆయన పోనివ్వలేదు. స్టూలు మీద కూర్చుని నోటితోనే నేర్పేవారు.

మరుసటి ఏడు పెద్ద దవాఖానలో ఆయన కళ్లకు ఆపరేషన్ అయింది. సీసా అడుగుల్లాంటి అద్దాలు వచ్చాయి. చలికాలంలో విమానం వచ్చిన రోజు పొద్దున్నే ఇస్త్రీ ఖాకీలో షెడ్డుకు వచ్చి, నేను మడిచిన ఐదు మూటల్లో మూడోదాన్ని చూపించారు. "గది నాకియ్యి."

"సార్, గీ వయసుల ఎందుకు?" అన్నారు సెక్రటరీ సార్.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. నన్నే అడిగారు. "లెక్క?"

"పది సార్. మూడుసార్లు వెట్టిన."

ఎవరు మడిచిన మూటనైనా ఆయన తిప్పి చూసేవారు, దారం లాగి చూసేవారు, రబ్బరు బ్యాండ్లు తడిమేవారు. అది నాకు తెలుసు. అందుకే మూటను బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నా వైపు వీపు తిప్పి, తగిలించమని రెండు చేతులూ వెనక్కి చాపారు. పట్టీలు బిగించాను. ఆయన దూకగానే కింద నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. మూడుకు గుండ్రంగా విచ్చుకుంది. దిగాక తన కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయని ఆయన అంటే, యాదగిరీ నేనూ గడ్డిలో పాకుతూ వెతికాం. అవి ఆయన జేబులోనే ఉన్నాయి.

తర్వాత రెండేళ్లకు విమానం రావడం మానేసింది, క్లబ్బు మూతపడింది. నేను దవాఖానలో ఆపరేషన్ థియేటర్ పనికి కుదిరి అక్కడే రిటైరయ్యాను. కడుపు కుట్టే ముందు లోపల పెట్టిన గుడ్డలన్నీ బయటికొచ్చాయా అని లెక్కచూసే నర్సు పక్కన నిలబడి రెండో లెక్క పెట్టడం నా పని. తెల్ల సంచి నా బీరువాలో ఉంది. కుట్టు ఇంకా ఊడలేదు. రాజలింగం సార్ పోయి చాలా ఏళ్లయింది. థియేటర్లో పొద్దుపోయి, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు డాక్టర్లు తొందరపెట్టేవారు. "తెరేసమ్మా, సరిపోయినయి గద? కుట్టెయ్యాల్నా?" ఆ శనివారం సాయంత్రం నేను అనాల్సి ఉండి అనలేకపోయిన మాట ఒకటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఎంత పెద్ద డాక్టరు అడిగినా, అదే అన్నాను.

"ఆగుండ్రి సార్. నేనింక లెక్కవెట్టలే."