కుక్కలకు కుటుంబ నియంత్రణ వచ్చిన ఏడాది

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసినాను. ఎనుములకు సూదులు వేయడం, గొర్రెలకు మందు తాపడం నా పని. వీధికుక్కల సంగతి పంచాయతీ చూసుకునేది. ఎండాకాలం రాగానే ఒక మనిషిని పిలిపించి, దొరికిన కుక్కలన్నింటినీ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో వేసి చంపించేవాళ్లు. ఆయన సైకిలు చప్పుడు వినపడితే చాలు, వీధిలో ఒక్క కుక్క ఉండేది కాదు.

బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్న అవ్వ ఒక్కతే ఆయనకు ఎదురు నిలిచేది. కుక్కలను ఇంట్లోకి తోలి, గడపకు అడ్డంగా కూర్చుని తిట్లు లంకించుకునేది.

ఒకరోజు పైనుంచి కాగితం వచ్చింది. ఇకమీదట కుక్కలను చంపకూడదు. ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, పట్టినచోటే వదలాలి. మా డాక్టరు చదివి వినిపించగానే కుక్కలు పట్టే మనిషి నేలమీద కూలబడినాడు.

"బతికించినారు సార్. అన్నం ముందర కూర్చుంటే వాటి కండ్లే గుర్తొస్తాండాయి" అన్నాడు.

ఆయన మారినాడని కుక్కలకు ఎవరు చెప్పాల? మూడు దినాలు వల పట్టుకుని తిరిగినా ఒక్కటీ దొరకలేదు. నాలుగో దినం నా చొక్కా అడిగి వేసుకుని, సైకిలు వదిలి నడిచి పోయినాడు. కుక్కలు మోసపోలేదు సరికదా, మరుసటి దినం నుంచి నన్ను చూసినా మొరిగేవి.

చివరికి ఇద్దరమూ అవ్వ దగ్గరికి పోయినాము.

"నిన్నటిదాకా సంపినోడు ఈ పొద్దు నన్ను కుక్కల్ని పిల్చుకురమ్మంటాండాడా?" అని అవ్వ గరిటె ఎత్తింది. ఆయన తల వంచుకుని, "తప్పు చేసినానమ్మా, కొడితే కొట్టు" అన్నాడు. అవ్వ గరిటె దించింది గానీ టీ మాత్రం నా ఒక్కనికే పోసింది.

మరుసటి దినం ఒక ఆడకుక్కను ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, షేర్ ఆటోలో ఆసుపత్రికి బయలుదేరింది. "ఏమవ్వా, మనవరాలికి జ్వరమా?" అని ఆటో అతను అడిగినాడంట. "ఆపరేషన్ రా" అనిందంట అవ్వ. అంతలో కొంగు కింద నుంచి తోక బయటపడేసరికి పక్కన కూర్చున్న ఇద్దరూ ఆటో ఆగకముందే దూకేసినారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆపరేషన్ అయిన కుక్క అని తెలిసేట్టు చెవి కొసన చిన్న ముక్క కోసి పంపినాము. అవ్వ ఆ చెవి చూసి ఆసుపత్రి అదిరేట్టు అరిచింది.

"ఏమప్పా డాక్టరూ! ఆపరేషన్ యాడ చేయల్ల, యాడ చేసినావు?"

డాక్టరు గోడవైపు తిరిగి నవ్వుతాంటే, కింద వేసిన కుట్లు చూపించి నేనే నచ్చచెప్పినాను.

ఆ తర్వాత అవ్వ పిలవడం, మేము ఆపరేషన్ చేయడం. రేకుల షెడ్డుకు సున్నం కొట్టి, కుట్లు మానేదాకా కుక్కలను అందులోనే ఉంచేవాళ్లం. కుక్కలు పట్టే ఆయన పొద్దున్నే వచ్చి ఊడ్చి, నీళ్లు పెట్టి, దూరంగా కూర్చునేవాడు. అవి ఆయన చేతి సంగటి ముద్ద తినడానికి దాదాపు ఏడాది పట్టింది. మొదట తిన్న కుంటికుక్కను ఆయన ఇంటికే తీసుకుపోయినాడు. దాంతో పెండ్లాం నెల దినాలు మాట్లాడలేదంట.

"ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండాదో సార్, ఇంకొకటి తీసుకుపోదామనుకుంటాండా" అన్నాడు.